ఐదో కప్ప

జ్ఞాపకాలు రాయాలంటే మనిషికి పెన్షనైనా ఉండాలి, మోకాళ్ళ నొప్పులైనా ఉండాలి అని మా ఆవిడ సిద్ధాంతం. నాకు నలభై రెండు, మోకాళ్ళు ఇంకా మాట వింటున్నాయి, పెన్షను వచ్చే ఉద్యోగం కాదు. అయినా రాస్తున్నానంటే తప్పు నాది కాదు, మా అమ్మాయి లాప్‌టాప్‌ది. మొన్న ఆదివారం పొద్దున్నే అమ్మాయి స్కూలు ప్రాజెక్టుకి బొమ్మలు వెతుకుతూ, మధ్యలో టిఫినుకి లేచి వెళ్ళింది. తెర మీద ఓ మూల, పాత వీడియో గేములన్నీ ఇక్కడ ఉచితంగా ఆడుకోండి అని ఎవరో మహానుభావుడు పెట్టిన వెబ్‌సైటు మిణుకుమిణుకుమంటోంది. ఉచితం అన్నాక బందరు వాడు నొక్కకుండా ఉండడు కనక నొక్కాను. మన చిన్నప్పటి ఆటలు వందల కొద్దీ వరసగా నిలబడి ఉన్నాయి. రూపాయి బిళ్ళ వేయమన్న చోట కీబోర్డు మీద ఓ బటన్ నొక్కితే చాలు, వేసినట్టే లెక్క. ఒక రూపాయి కోసం నాన్న చొక్కా జేబు దగ్గర నేను నిలబడిన భంగిమలన్నీ గుర్తొచ్చి, కసి కొద్దీ ఓ ఇరవై సార్లు నొక్కాను. అలా నొక్కుకుంటూ పోతుంటే కప్ప ఆట తగిలింది. అక్కడ చెయ్యి ఆగిపోయింది.

ఆ ఆట ఆడిన షాపు కోనేరు సెంటరుకి దగ్గర్లో ఒక సందులో ఉండేది. షాపు అంటే మరీ గొప్పగా ఊహించుకోకండి, ఒకప్పుడు కిరసనాయిలు డిపోగా వెలిగిన రేకుల షెడ్డు, అందులో మద్రాసులో ఎవరో వద్దనుకున్న మిషన్లు నాలుగు. ఎంత ఊదొత్తులు వెలిగించినా కిరసనాయిలు వాసన పోలేదు. ఇప్పటికీ ఎక్కడైనా ఆ వాసన తగిలితే నా కుడిచెయ్యి దానంతటది జాయ్‌స్టిక్కు కోసం వెతుక్కుంటుంది. షాపాయన గుమ్మంలో కుర్చీ వేసుకుని, ఆడే పిల్లల్ని లోపలికీ, చూసే పిల్లల్ని బయటికీ పంపుతూ ఉండేవాడు. నేను రెండో రకమే అయినా నన్ను మాత్రం ఉండనిచ్చేవాడు, ఎందుకంటే నేను కామెంటరీ చెప్పేవాణ్ణి. ఆడేవాడి వెనకాల నిలబడి రేడియోలో క్రికెట్ చెప్పినట్టు చెప్తుంటే జనం పోగయ్యేవారు, పోగైనవాళ్ళలో సగం మంది ఆడేవారు. పదకొండేళ్ళకే నేను చేసిన మొదటి ఉద్యోగం అది. జీతం లేదు, కానీ నా మాటకి పదిమంది నవ్వేవారు, ఆ వయసులో అంతకు మించి ఏం కావాలో నాకు తెలియదు.

నన్ను ఆ షాపుకి తీసుకెళ్ళేది మావయ్య. సొంత మావయ్య కాదు, అమ్మావాళ్ళ బాబాయి కొడుకు. దివిసీమలో సముద్రానికి దగ్గరి ఊరు వాళ్ళది, కానీ పెరిగిందంతా అవనిగడ్డలో మా అమ్మమ్మ ఇంట్లోనే. ఎందుకు అక్కడ పెరిగాడని నేను అడగలేదు, ఎవరూ చెప్పలేదు. మేనమామలు అమ్మమ్మ ఇంట్లో కాక ఇంకెక్కడ ఉంటారు అని నా ధీమా. చిలకలపూడిలో రోల్డుగోల్డు గొలుసులకి అతుకులు పెట్టే పని చేసేవాడు. వెంట్రుకంత తీగని పట్టకారుతో పట్టుకుని, ఊపిరి బిగబట్టి అతికే మనిషి కనక మాటల్లో కూడా పొదుపే. ప్రతి ఆదివారం మా ఇంటికి భోజనానికి వచ్చేవాడు, భోజనానికి ముందు నన్ను సైకిలు వెనక ఎక్కించుకుని షాపుకి తీసుకెళ్ళేవాడు. వచ్చేటప్పుడు లడ్డూ కూడా తెచ్చేవాడు. బందరు గురించి రాస్తూ లడ్డూ మాట ఎత్తకపోతే ఊళ్ళోకి రానివ్వరు కాబట్టి ఎత్తాను, ఇక ముందుకి వెళ్దాం.

ఆ ఆట తెలియనివాళ్ళు మన వయసులో ఉండరు గానీ, మర్చిపోయినవాళ్ళ కోసం చెప్తాను. కింద ఒక రోడ్డు, దాని మీద అడ్డదిడ్డంగా కార్లూ లారీలూ. రోడ్డు దాటితే ఒక గట్టు. గట్టుకి అవతల ఏరు, అందులో కొట్టుకొస్తున్న దుంగలు, మునిగి తేలే తాబేళ్ళు. ఏటికి అవతల ఒడ్డున అయిదు గూళ్ళు. కప్పని రోడ్డు దాటించి, దుంగల మీద నుంచి దుంగల మీదికి గెంతించి, ఒక్కో గూట్లో ఒక్కో కప్పని చేర్చాలి. అయిదు గూళ్ళూ నిండితే ఒక పాట మోగుతుంది, ఆ వెంటనే గూళ్ళన్నీ ఖాళీ అయిపోయి, లారీలు ఇంకాస్త జోరందుకుని, ఆట మళ్ళీ మొదలవుతుంది. కష్టపడి చేసిన పనికి బహుమతి మరింత పని అని నాకు మొదట నేర్పింది ఈ ఆటే, తర్వాత ఆఫీసులో కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ లేకపోయింది.

మావయ్య ఆ ఒక్క ఆటే ఆడేవాడు. అతుకుల పని చేసే చెయ్యి కదా, ఎక్కడా తొట్రుపాటు లేదు, నాలుగు కప్పల్నీ చకచకా నాలుగు గూళ్ళలో పెట్టేసేవాడు. అయిదో కప్పని రోడ్డు దాటించి గట్టు మీదికి తెచ్చి, అక్కడ ఆపేసేవాడు. అంతే. స్టిక్కు మీద నుంచి చెయ్యి తీసేసి, చేతులు కట్టుకుని చూస్తూ నిలబడేవాడు. కింద టైము గీత తరిగి తరిగి అయిపోయి కప్ప చచ్చేది. ఇంకో ప్రాణం ఉంటే ఇంకో కప్ప వచ్చేది, దాన్ని కూడా గట్టు మీద నిలబెట్టేవాడు. అలా మిగిలిన ప్రాణాలన్నీ అయిపోయేదాకా ఆ నాలుగు గూళ్ళ వంక చూసి, ఆట ముగిశాక పద అనేవాడు.

ఇంతకన్నా మంచి సరుకు ఏ కామెంటేటరుకి దొరుకుతుంది చెప్పండి. షాపులో పిల్లలు ఆదివారం కోసం ఎదురుచూసేవారు.

"ఏరా, మీ మావయ్య కప్ప బస్సు కోసం చూస్తోందా?"

"కాదెహె, పెళ్ళిచూపులకి కూర్చోబెట్టారు. పెళ్ళికొడుకు అవతలి ఒడ్డు నుంచి రావాలి."

నేనూ తగ్గలేదు. కప్పకి సెలవు శాంక్షన్ కాలేదనీ, కప్పకి ఈత సర్టిఫికెట్టు లేదనీ మావయ్య వీపు వెనకే చెప్పి నవ్వించేవాణ్ణి. ఆయనకి నాలుగు కప్పల మావయ్య అని పేరు పెట్టింది కూడా నేనే. ఆయన ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. కానీ నవ్వించేవాడికి ఒక చిక్కుంది, నలుగురూ నవ్వేది మనింటి మనిషిని చూసి అని ఏదో ఒక రోజు తెలిసొస్తుంది. మా క్లాసు వాడొకడు, మీ మావయ్యకి భయం రా, చివరిది రాదు, అన్నప్పుడు నాకు ఎక్కడో గుచ్చుకుంది. మావయ్యకి రాదా? కళ్ళు మూసుకుని పెట్టగలడు. ఒక్కసారి పెట్టేసి చూపిస్తే వీళ్ళ నోళ్ళు మూతపడతాయి కదా.

ఆ ఆదివారం కార్తీకంలో. ముందు రోజు నుంచీ గాలి. బందరు రేవులో మూడో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారని రేడియోలో చెప్పారు. మాకు అది పరీక్షల్లో మార్కుల్లాంటిది, మూడేనా అని పెదవి విరిచి ఎవరి పని వాళ్ళం చేసుకునేవాళ్ళం. మావయ్య మాత్రం ఎప్పటికన్నా గంట ముందే వచ్చాడు, షాపు తలుపు తీయకముందే మేం అక్కడున్నాం. ఒక ఆట ఆడాడు, నాలుగు. మళ్ళీ బిళ్ళ వేశాడు, నాలుగు. మళ్ళీ వేశాడు. ఆదివారం ఆదివారం నాకు ఆడమని ఇచ్చే ఒక్క బిళ్ళ ఇవ్వడం కూడా మర్చిపోయాడు. ఈలోగా పిల్లలు చేరారు, నవ్వులు మొదలయ్యాయి. రేకుల మీద గాలి దడదడలాడుతోంది. నాలుగు గూళ్ళు నిండాయి, అయిదో కప్ప గట్టెక్కింది, మావయ్య చేతులు కట్టుకున్నాడు.

నేను ఆయన మోచేతి కింద నుంచి దూరి స్టిక్కు పట్టుకున్నాను. దుంగ, దుంగ, తాబేలు, దుంగ, గూడు. నా జీవితంలో అంత చక్కగా నేను ఏ పనీ చేయలేదు. పాట మోగింది, పిల్లలు ఈలలు వేశారు, నేను తిరిగి విజేతలా చేతులు ఎత్తాను. నా వెనక అయిదు గూళ్ళూ ఖాళీ అయిపోయాయి. కొత్త ఆటలో మొదటి కప్పని పట్టించుకునేవాడు లేక టైము అయిపోయి చచ్చింది. మావయ్య ఆ ఖాళీ గూళ్ళ వంకే చూస్తున్నాడు. కొడతాడేమో అనుకున్నాను. కొట్టలేదు.

"నలుగురూ ఇంటికొచ్చేశారు కదరా," అన్నాడు మెల్లిగా. "నువ్వెందుకు తోశావు?"

సైకిలు మీద నన్ను మా గేటు దాకా తెచ్చి దింపాడు. లోపలికి రాలేదు. ఎదురుగాలికి సైకిలు తొక్కలేక, దిగి నడిపించుకుంటూ చిలకలపూడి వైపు వెళ్ళిపోయాడు.

నేనేం చేశానో చెప్పనా? భోజనాల దగ్గర ఆ కథంతా జోకుగా చెప్పాను. మావయ్య చేతులు కట్టుకోవడం, కప్ప బస్సు కోసం చూడడం, నా గెలుపు, ఆయన మొహం, అన్నీ అభినయంతో సహా. చివర్లో నలుగురూ ఇంటికొచ్చేశారు కదరా అని ఆయన గొంతు అనుకరించాను కూడా. బాగానే అనుకరించి ఉంటాను, ఎందుకంటే అమ్మ చేతిలో పులుసు గరిటె గాల్లో ఆగిపోయింది.

"ఇంట్లో అయిదుగురురా వాళ్ళు," అంది అమ్మ. "అమ్మా, నాన్నా, అక్కా, చంటోడూ, వీడూ. ఉప్పెనకి వీడొక్కడే మిగిలాడు. ఇంటి తాటి దూలం పట్టుకుని కొట్టుకొచ్చి కరకట్ట మీద పడ్డాడు. అప్పటికి నీ అంతే ఉంటాడు. మిగతావాళ్ళు వెనకాలే వస్తున్నారని రెండ్రోజులు ఆ కట్ట మీదే కూర్చున్నాడు. లాక్కురావడం మా నాన్న వల్ల కూడా కాలేదు."

"వాణ్ణి అన్నం తిననివ్వవే," అన్నాడు నాన్న. నేను తినలేదు. పోనీ ఏడ్చానా అంటే అదీ లేదు, ఏం చేయాలో తెలియక పులుసులో మునక్కాడల్ని లెక్కపెట్టాను.

ఆ తుపాను ఒంగోలు వైపు తిరిగిపోయింది. పై ఆదివారం మావయ్య భోజనానికి వచ్చాడు, లడ్డూ తెచ్చాడు, షాపు మాట ఎత్తలేదు, ఆ తర్వాత ఎప్పుడూ ఎత్తలేదు. నేను మళ్ళీ అక్కడ కామెంటరీ చెప్పలేదు. షాపాయన ఒకటి రెండుసార్లు అడిగి ఊరుకున్నాడు. మావయ్య పెళ్ళి చేసుకుని గుడివాడ వెళ్ళాడు, ఇద్దరు పిల్లల్ని చదివించాడు, అందరిలానే షుగరు తెచ్చుకున్నాడు. ఉద్యోగంలో చేరాక ఒకసారి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు, బస్సులో గంటన్నర సాధన చేసుకున్న క్షమాపణ బయటికి తీశాను. ఆ కప్పల సంగతి, మావయ్యా, అన్నాను. "ఏ కప్పలురా?" అన్నాడు, కాఫీలో పంచదార వేయనా అని అడిగాడు. మర్చిపోయాడో, నన్ను మర్చిపొమ్మన్నాడో నాకు ఈనాటికీ తెలియదు. ఆయన పోయి ఆరేళ్ళు.

ఇదంతా మొన్న ఆదివారం ఆ తెర ముందు కూర్చున్న నిమిషంలోనే కళ్ళ ముందు తిరిగిందని చెప్తే అది సినిమా అవుతుంది. నిజానికి నేను ముందు ఆడాను. చెయ్యి మర్చిపోలేదు, నాలుగు గూళ్ళు నింపాను. అయిదో కప్పని గట్టు ఎక్కించాక చేతులు నాకు తెలియకుండానే ఒళ్ళోకి వచ్చేశాయి. టైము గీత తరుగుతోంది. అప్పుడు కనిపించింది, తెర కింద చిన్న గుర్తు, ఆటని ఆపే బటన్. షాపులోని మిషన్‌కి అలాంటిది లేదు. నొక్కాను. దుంగలు ఆగిపోయాయి, లారీలు ఆగిపోయాయి, గీత ఆగిపోయింది. నలుగురూ గూళ్ళలో ఉన్నారు, ఒకడు గట్టు మీద ఉన్నాడు, ఎవరికీ ఏమీ కాదు. ఇంత సులువైన బటన్ ముప్ఫై ఏళ్ళ ముందు ఎవడైనా పెట్టి ఉంటే ఏం పోయేది అనిపించింది.

లాప్‌టాప్ కట్టేయవద్దని ఇంట్లో చెప్పాను. కారణం అడిగితే ఆఫీసు పని అన్నాను. ప్రాజెక్టు నా ఆఫీసు కంప్యూటర్లో చేసుకోమని అమ్మాయికి ఇచ్చేశాను. మూడు రోజులు వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ మూత కొంచెం ఎత్తి చూసుకున్నాను, ఉన్నారు. నాలుగో రోజు పొద్దున్న మూత ఎత్తితే, కంప్యూటరు తనంతట తాను ఏదో అప్‌డేట్ చేసుకుని, ఆరి, మళ్ళీ వెలిగి కూర్చుంది. వెబ్‌సైటు తెరిచాను. రోడ్డూ ఏరూ యథాప్రకారం నడుస్తున్నాయి, అయిదు గూళ్ళూ ఖాళీ. మా రోజుల్లో ఆ పనికి నాలాంటి వెధవ ఒకడు పనిగట్టుకుని చెయ్యి పెట్టాల్సి వచ్చేది. ఇప్పుడు ఆ మాత్రం మనిషి కూడా అక్కర్లేదు.