నా మాట ఆగిన మధ్యాహ్నం

నేను అన్నం తింటూ మాట్లాడతాను. మాట్లాడకుండా తింటే నాకు తిన్నట్టే ఉండదు. గోదావరి పక్క మా ఊళ్ళో అందరం అంతే. పంక్తి భోజనాల దగ్గర ఒకళ్ళ మాట ఒకళ్ళకి వినపడదు, అయినా ఎవరూ ఆపరు. హైటెక్ సిటీలో ఉద్యోగం, కొండాపూర్‌లో కాపురం అయ్యాక నా నడక మారింది, చీర పోయి చుడీదార్ వచ్చింది గానీ ఈ అలవాటు మాత్రం పోలేదు.

మధ్యాహ్నం క్యాంటీన్‌లో నలుగురం ఒకే బల్ల దగ్గర డబ్బాలు విప్పుతాం. నేను, మా వైపే బెజవాడ నుంచి వచ్చిన ఒకావిడ, మా మేనేజరు, నా పక్క సీటామె. ఈ పక్క సీటామెది ఇక్కడే, గచ్చిబౌలి అవతల ఒక పల్లె. ఇప్పుడు దాన్ని పల్లె అంటే ఎవరూ నమ్మరు, అన్నీ అద్దాల మేడలే. వయసులో నాకంటే చిన్నది, మనిషి నాలో సగం ఉంటుంది. మొదటిరోజే నాతో అన్నది: "అన్నం కాడ మాట్లాడొద్దక్కా. మా నాయిన ఒప్పుకునేటోడు కాదు."

నాకు ఒళ్ళు మండింది. ఆమె నాయన ఒప్పుకోకపోతే నేనెందుకు నోరు మూసుకోవాలి? ఆమె తలవంచుకుని తినేది, నేను మిగతా ఇద్దరికీ కబుర్లు చెప్పేదాన్ని, నిజం చెప్పాలంటే కొంచెం గొంతు పెంచి మరీ. ఆమెకు నా మాటలంటే చులకనని ఏళ్ళ తరబడి అనుకున్నాను.

ఆ రోజు బోనాల మర్నాడు. ఆమె పెద్ద డబ్బా నిండా మటన్ కూర తెచ్చి అందరి పళ్ళాల్లో వేసింది. నేను మా అపార్టుమెంటు మీటింగు కథ మొదలుపెట్టాను. లిఫ్టు ఆగిపోయింది, లోపల ఇరుక్కున్నది స్వయానా సెక్రటరీ గారే, బయట జనం ఆయన్ని అక్కడి నుంచే రాజీనామా చెయ్యమంటున్నారు. కథ రంజుగా ఉన్నచోట పెద్ద ముక్క ఒకటి నోట్లో పెట్టుకుని, సరిగ్గా నమలకుండానే, నా కథకి నేనే నవ్వాను.

ముక్క గొంతుకి అడ్డం పడింది.

దగ్గుదామంటే దగ్గు రాలేదు. గాలి లోపలికి పోవడం లేదు, బయటికి రావడం లేదు. బెజవాడ ఆవిడ వెంటనే నా నడినెత్తిన చేత్తో తట్టడం మొదలుపెట్టింది. "పొలమారిందండీ! ఎవరో గట్టిగా తలుచుకుంటున్నారు. మీవారేనా ఏంటి?" అని నవ్వింది. మేనేజరు సీసా మూత తీసి నోటి దగ్గర పెట్టి, "నీళ్ళు తాగండి మేడమ్, నీళ్ళు" అంటున్నాడు. వాళ్ళ తప్పేమీ లేదు. మా అమ్మ నాకు అట్లాగే చేసింది, నేను నా కూతురికి అట్లాగే చేశాను. పొలమారితే మాడు మీద తట్టడం, తలుచుకున్నదెవరో అడగడం, నీళ్ళివ్వడం, మాకు పుట్టుకతో వచ్చిన వైద్యం.

కానీ అది పొలమారడం కాదు. నాకు తెలుస్తోంది, చెప్పడానికి గొంతు లేదు. ఊపిరాడనివాళ్ళు రెండు చేతులూ గొంతు మీద పెట్టుకుని చూపించాలని ఆఫీసులో ప్రథమ చికిత్స క్లాసులో మాకందరికీ చెప్పారు. ఆ క్లాసులో నేను రబ్బరు బొమ్మ పక్కన నిలబడి ఫొటో కూడా దిగాను. సమయానికి నా చేతులు బల్ల అంచు పట్టుకుని వదల్లేదు. కళ్ళ ముందు అంతా మసకబారుతుంటే నాకు దేవుడు గుర్తు రాలేదు, మొగుడు గుర్తు రాలేదు. పొద్దున నానబోసి వచ్చిన మినప్పప్పు గుర్తొచ్చింది. అది ఎవరు రుబ్బుతారు అనుకున్నాను.

పక్కన కుర్చీ గట్టిగా చప్పుడు చేసింది.

"నీళ్లు తాపకుండ్రి! ఆగుండ్రి!" అని పక్క సీటామె అరిచింది. నా మొహంలోకి మొహం పెట్టి, "అక్కా, మాట్లాడొస్తదా?" అంది. తల అడ్డంగా ఊపాను. "సార్, అంబులెన్సుకు ఫోన్ కొట్టుండ్రి" అంటూనే నన్ను లేపి, రొమ్ము కింద ఒక చెయ్యి ఆనించి ముందుకు వంచి, రెండో అరచేతి మడమతో రెండు భుజాల ఎముకల మధ్య గట్టిగా చరిచింది. మళ్ళీ చరిచింది, మళ్ళీ. ముక్క కదల్లేదు. అప్పుడు నా వెనక్కి వచ్చి నడుం చుట్టూ చేతులు వేసింది. బొడ్డుకి కొంచెం పైన పిడికిలి పెట్టి, దానిమీద రెండో చెయ్యి బిగించి, లోపలికీ పైకీ ఒక్కసారిగా లాగింది. నా బరువు సంగతి ఇక్కడ రాయను. ఆ సగం మనిషి నన్ను నేల మీంచి లేపినంత పని చేసింది. మళ్ళీ వీపు మీద, మళ్ళీ పొట్ట దగ్గర.

ముక్క ఎగిరి మేనేజరు గారి పెరుగన్నంలో పడింది.

ఆ మొదటి ఊపిరి నాకింకా గుర్తుంది. మసాలా వాసన, నేల తుడిచిన ఫినాయిలు వాసన, ఎవరి డబ్బాలోదో మాగాయ వాసన అన్నీ కలిసి లోపలికి వచ్చాయి. అంత మంచి గాలి నేను ఎక్కడా పీల్చలేదు. ఏడుస్తూ, "పప్పు నానబోశానండీ" అన్నాను. ఆక్సిజన్ అందక మెదడుకేదో అయిందని బెజవాడ ఆవిడ కూడా ఏడుపు అందుకుంది.

అంబులెన్సు వచ్చేసరికి నాకు సిగ్గేసి, నేను బాగానే ఉన్నానన్నాను. పక్క సీటామె వినలేదు. "పొట్టల అంత గట్టిగ గుంజిన. లోపల ఏమన్న అయిందో చూపియ్యాలె. దవాఖానకు పోదాం, జర లే అక్కా" అని తనూ ఎక్కింది. డాక్టరు అన్నీ చూసి ఏమీ కాలేదన్నాడు. పక్కటెముకలు కొన్నాళ్ళు నొప్పెట్టాయి. దగ్గితే నొప్పి, నవ్వితే నొప్పి. ఆ నొప్పి తగ్గిపోతుంటే నాకు కొంచెం బెంగగా కూడా అనిపించింది.

ఆస్పత్రి బయట బెంచీ మీద కూర్చుని అడిగాను. "అందరూ పొలమారిందనుకున్నారు కదండీ, మీకెలా తెలిసింది?"

"దగ్గుతుంటే నేను గూడ ఊకుందును. దగ్గుతున్నరంటే గాలి ఆడుతున్నట్టే, ఆళ్లనే దగ్గనియ్యాలె. నువ్వు దగ్గలే." అని నవ్వింది. "ఇన్నేండ్లల్ల అన్నం కాడ నువ్వు సప్పుడు చెయ్యకుంట ఉండుడు నేను ఎన్నడు చూడలే. ముచ్చట నడుమల ఆపేసినవ్. ఇగ పరేషాన్ అయిన."

తలవంచుకుని తింటున్నదనుకున్న మనిషి ఇన్నేళ్ళూ నా మాట వింటూనే ఉంది. వినబట్టే ఆగినప్పుడు తెలిసింది. నేను ఆమె చేతులు పట్టుకున్నాను. ఆ చేతులు మళ్ళీ వదలాలనిపించలేదు, అంతే.

సాయంత్రం ఇంటికి వెళ్ళి పప్పు రుబ్బాను. మావారు తను చేస్తానన్నారు, ఇవ్వలేదు. ఊపిరి పీలుస్తూ పప్పు రుబ్బడం ఎంత గొప్ప సంగతో ఆయనకి చెప్పినా అర్థం కాదు. మర్నాడు పొద్దున్నే గారెలు వండి ఆఫీసుకు పట్టుకెళ్ళాను.

మధ్యాహ్నం డబ్బా తెరిచి మొదటి గారె ఆమె పళ్ళెంలో వేశాను. ఆమె దాన్ని తినలేదు. పసిపిల్లకి చేసినట్టు చిన్న చిన్న ముక్కలుగా తుంచి నా పళ్ళెంలోకి జరిపింది. మిగతా ఇద్దరూ మాట్లాడకుండా నా నోటివంకే చూస్తున్నారు. నేను కూడా తలవంచుకుని తినడం మొదలుపెట్టాను. ఇక మీదట అన్నం దగ్గర మాట్లాడకూడదని రాత్రే నిర్ణయించుకున్నాను మరి.

నేను రెండో ముక్క మింగేదాకా ఆమె ఆగింది. అప్పుడు, అన్నం పళ్ళెం ముందు కూర్చుని కబుర్ల కోసం మొదటిసారి నోరు తెరిచింది.

"మంచిగ మింగినంక చెప్పక్కా. లిఫ్టుల ఇరుకున్న ఆ సెక్రటరీ, చివరికి రాజీనామా ఇచ్చిండా?"

మిగిలింది బాగా నమిలి, మింగి, నోరు ఖాళీ చేసుకుని మొదలుపెట్టాను. ఆమె తినడం ఆపి వింటోంది.