సముద్రం వైపు ఒరిగిన బల్లలు

పట్నంలో ఆమెని అందరూ అద్దాలక్క అంటారు. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆమెది కళ్ళద్దాలు అమర్చే దుకాణం. కళ్ళ డాక్టరు రాసిచ్చిన చీటీ చూసి, లెన్సు మీద గీత గీసి, అరగదీసి, ఫ్రేములో బిగించి ముక్కు మీద పెట్టి పంపిస్తుంది. ఎవరైనా తిరిగొచ్చి "కొంచెం తేడాగా ఉందక్కా" అంటే ఆమె దగ్గర ఒక మాట ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది: "పదిహేను రోజులు పెట్టుకోండి, అదే అలవాటవుతుంది." నూటికి తొంభై మందికి అలవాటయ్యేది కూడా. ఆ తొంభై మంది వల్ల ఆమె తల కాస్త ఎత్తుగానే ఉండేది.

ఆ చలికాలం ఆదివారం పొద్దున ఆమె ఒక్కతే లాంచీ ఎక్కి దీవికి వెళ్ళింది. చేతిసంచీలో మెత్తటి గుడ్డలో చుట్టిన కొత్త కళ్ళద్దాలు. చెల్లెలితో మాత్రం "సముద్రం చూసొస్తా" అని చెప్పింది.

"ఈ చలిలోనా? ఇంట్లో కూర్చుని ఫ్రిజ్ తలుపు తెరిచినా అదే గాలి కదక్కా" అంది చెల్లెలు.

దీవిలో ఒక వడ్రంగి మేస్త్రీ ఉన్నాడు. వయసు మీద పడ్డాక, తన చేతులతో చేసిన ఏడు బల్లలు వేసుకుని, ఒడ్డు చివర భార్యతో కలిసి చిన్న కేఫ్ నడుపుతున్నాడు. ఎండాకాలంలో అద్దాలక్క దగ్గర కళ్ళద్దాలు చేయించుకున్నాడు. వారం తిరక్కుండా వచ్చి, "అమ్మా, ఇవి పెట్టుకుంటే సమంగా ఉన్నవన్నీ ఒరిగినట్టు కనిపిస్తున్నాయి" అన్నాడు. దుకాణంలో నలుగురున్నారు. నలుగురుంటే ఆమె నోటికి పదునెక్కువ.

"అద్దాలు సరిగ్గానే ఉన్నాయి మేస్త్రీ గారూ. మీ దీవే ఒరిగిందేమో చూసుకోండి" అంది.

నలుగురూ నవ్వారు. మర్యాదకి మేస్త్రీ కూడా నవ్వాడు. పదిహేను రోజుల మాట చెప్పి ఆమె అతన్ని పంపించేసింది.

పోయిన మంగళవారం వేరే చీటీ కోసం వెతుకుతుంటే అతని చీటీ చేతికొచ్చింది. కొన్ని కళ్ళకి లెన్సు ఒక వాలులోనే కూర్చోవాలి. డాక్టరు గీసిన వాలు కుడికి ఉంది. తన పుస్తకంలో ఆమె గీసుకున్నది ఎడమకి ఉంది. ఆ రోజు లెన్సుని తిరగేసి పట్టుకుని, వెనక వైపు నుంచి గీత గీసింది. ఈ పని నేర్చుకునేవాళ్ళకి మొదటిరోజే చెప్పే తప్పు అది. ఎందరికో ఆమే చెప్పింది.

దీవిలో దిగాక, రేవు పక్కనున్న వేరే కేఫ్‌లో కూర్చుని, కాఫీ పొగ వెనక మాటలు కూడబలుక్కుంది. "మేస్త్రీ గారూ, చిన్న పొరపాటు జరిగింది." కాసేపటికి 'చిన్న' తీసేసింది. 'జరిగింది' కూడా నచ్చలేదు, దానంతటదే జరిగినట్టుంది. కాఫీ చల్లారింది. వాక్యం తయారు కాలేదు.

బయటికొచ్చి ఒడ్డు వెంట నడిచింది. ఆరేయడం మరిచిపోయిన దుప్పటిలా సముద్రం బూడిదరంగులో ముడతలు పడి ఉంది. తిరగేసిన పడవలు చలికి వీపులు చూపించి పడుకున్నాయి. అల వచ్చి రాతిని తాకి, ఏదో చెప్పబోయి మానుకున్నట్టు వెనక్కి పోతోంది. ఆమె కాసేపు దాన్నే చూసి, రెండో కేఫ్‌లోకి దూరింది.

అక్కడ పక్క బల్ల నిండా చేపలవాళ్ళు.

"మేస్త్రీ కొట్టుకి పోదామా?" అన్నాడు ఉన్ని టోపీ పెట్టుకున్నతను.

"ఎందుకు, సగం గ్లాసు కాఫీకా? నిండా పోస్తే ఒలికిపోతుందని సగమే పోస్తోంది వదిన."

"ఆ బల్లలు చూశావా? సముద్రంలో దూకడానికి వరసలో నిలబడ్డట్టుంటాయి."

అందరూ పగలబడి నవ్వారు. అద్దాలక్కకీ నవ్వొచ్చింది. నవ్వు సగంలో ఉండగా విషయం అర్థమైంది. తల కొట్టేసినట్టయింది.

మేస్త్రీ కొట్టు గుమ్మం ఎక్కేసరికి మధ్యాహ్నం దాటింది. కాఫీకి వచ్చినవాళ్ళు ఎవరూ లేరు. మేస్త్రీ భార్య సగం గ్లాసు కాఫీ తెచ్చి పెట్టింది. గ్లాసులో కాఫీ ఒక పక్కకి ఎత్తుగా నిలిచింది. ఏడు బల్లలూ ఒకే వైపు, కిటికీ అవతలి నీళ్ళ వైపు ఒరిగి ఉన్నాయి. కాళ్ళు కోసిన చోట చెక్క ఇంకా తెల్లగా కనిపిస్తోంది.

వెనక గదిలోంచి వచ్చిన మేస్త్రీ ఆమెని గుర్తుపట్టాడు. "అద్దాలమ్మా, మీరా. మీరు చెప్పినట్టే అలవాటైపోయిందమ్మా" అన్నాడు. ఆ మాటలో వెటకారం లేదు. ఉంటే ఆమెకి కాస్త ఊపిరాడేది.

"ఈ బల్లలు..." అంది.

"అవా. నేనే కోశాను. కంటికి ఒరిగినట్టున్నాయి, రసమట్టం పెడితే సమంగా ఉన్నాయంటుంది. కళ్ళద్దాలు సరిగ్గానే ఉన్నాయని మీరన్నారు కదా. రసమట్టమే పాడైందనుకున్నా."

"నేను మొత్తుకున్నాను, వింటేనా" అంది భార్య వంటగదిలోంచి. "గ్లాసులు జారిపడ్డాక తెలిసింది మహానుభావుడికి."

"కన్ను పోయింది, చేయి కూడా పోయిందిలే అనుకున్నా" అన్నాడు మేస్త్రీ. "పనిముట్లు పెట్టెలో పెట్టేశాను. వచ్చే వారం మా మేనల్లుడు వచ్చి తీసుకెళ్తాడు."

"ఇవ్వకండి" అంది ఆమె. "తప్పు మీ కంటిది కాదు. నాది. లెన్సు తిరగేసి గీశాను. మీరొచ్చి చెప్పినా తీసి చూడలేదు. నలుగురిలో మిమ్మల్ని నవ్వులపాలు చేశాను." కూడబలుక్కున్న మాటల్లో ఒక్కటీ రాలేదు. గుడ్డ విప్పి కొత్త కళ్ళద్దాలు బల్ల మీద పెట్టింది. అవి మెల్లగా కిటికీ వైపు జారాయి. మేస్త్రీ చేయి అడ్డం పెట్టి ఆపాడు.

అవి పెట్టుకుని బల్లని చాలాసేపు చూశాడు. అంచు వెంట అరచేయి నడిపాడు. లోపలికెళ్ళి రసమట్టం తెచ్చి, దుమ్ము తుడిచి బల్ల మీద ఉంచాడు. దాని గాజుగొట్టంలో బుడగ ఒక కొసకి పోయింది. కన్నూ రసమట్టమూ ఒకే మాట చెప్పాయి.

"అయితే అప్పుడు కూడా నా కన్ను బాగానే ఉందా?"

"బాగానే ఉంది."

"మంచి బల్లలమ్మా ఇవి" అన్నాడు. గొంతు పెంచలేదు. ఆమె తల ఎత్తలేకపోయింది.

రసమట్టం పక్కన పెట్టి అడిగాడు: "ఆ పదిహేను రోజుల మాట ఇంకెవరికైనా చెప్పారా?"

"అందరికీ చెప్తాను."

"అయితే మీకు ఈయన కంటే ఎక్కువ పనుంది" అంది భార్య.

మేస్త్రీ పనిముట్ల పెట్టె తెరిచాడు. చెక్కముక్కలు ఏరి తెచ్చి, "ఆ చివర ఎత్తి పట్టుకోండి" అన్నాడు. ఆమె పట్టుకుంది. చేతులు లాగుతున్నా దించలేదు. ఒక్క బల్ల కాళ్ళు సరిచేసేసరికి కిటికీలో వెలుతురు పలచబడింది. రేవులో లాంచీ కూత వేసింది. భార్య ఒక గ్లాసు అంచు దాకా నింపి తెచ్చి ఆ బల్ల మీద పెట్టింది. ముగ్గురూ గ్లాసు వైపే చూశారు. కాఫీ కదలకుండా నిలిచింది.

"ఇంకా ఆరున్నాయి. వచ్చే ఆదివారం వస్తాను" అంది అద్దాలక్క.

"రమ్మన్నానా నేను?" అన్నాడు మేస్త్రీ.

ఆమె సంచీ తీసుకుని గుమ్మం దాకా వెళ్ళింది. ఆయన ఉలికి అంటిన పొట్టు దులుపుతూ, తలెత్తకుండా అన్నాడు: "వస్తే పొద్దుటి లాంచీకే రండి. చలికాలం. నాలుగు దాటితే వెలుతురు చాలదు."