శాశ్వత చిరునామా

ఆ వీధిలో అందరూ ఆయనను బైండరుగారనే పిలుస్తారు. పాలకులకు గిట్టని కరపత్రాలు అచ్చువేసిన నేరానికి సొంత దేశం విడిచి వచ్చి పంతొమ్మిదేళ్ళయింది. చినిగిన పుస్తకాలకు కొత్త అట్టలు వేయడంలో ఆయనకు సాటి లేరు. అయితే ఒక పద్ధతి ఎన్నడూ మార్చుకోలేదు: పాత అట్టమీద పేరున్న ముక్కను కత్తిరించి, కొత్త అట్ట లోపలివైపు అతికించవలసిందే.

ఆరునెలలకొకసారి ఠాణాలో సంతకం పెట్టి వచ్చే బతుకు ఇక చాలునని భార్య పోరు పెట్టగా, పౌరసత్వానికి దరఖాస్తు చేశారు. విచారణకు రమ్మనే ఉత్తరం నాలుగు నెలలైనా రాలేదు. ఆలుమగలిద్దరూ కార్యాలయానికి వెళ్ళారు.

గుమాస్తా ఫైలు తిరగేసి, ఒక కవరు బల్లమీద పెట్టింది. "మీరిచ్చిన చిరునామాకే పంపామండీ. తిరిగొచ్చేసింది."

కవరుమీద ఉన్నది వదిలివచ్చిన ఇంటి చిరునామా. 'శాశ్వత చిరునామా' అన్న గడిలో ఆయన చేయి దానంతటదే ఆ ఇంటిని రాసింది.

భార్య నెత్తి కొట్టుకుంది. "బాగుంది సంబడం! పంతొమ్మిదేళ్ళ నుంచి ఇక్కడి నీళ్ళు తాగుతూ, ఉత్తరం అక్కడికి రప్పించుకుంటారా? ఎవరు తీసుకుంటారనుకున్నారు, గోడమీది బల్లి తీసుకుంటుందా?"

"శాశ్వతం అంటే అదే కదే..." అని ఆయన నసిగారు.

కవరు వెనుక, అక్కడి పోస్టుమాన్ తమ భాషలో పెన్సిలుతో రాశాడు: "ఈ పేరు గలవారు ఇక్కడ లేరు. ఇరుగుపొరుగునూ అడిగాను." ఆ గుండ్రని అక్షరాలను ఆయన మూడుసార్లు చదువుకున్నారు. తనను వెళ్ళగొట్టినవారిమీద కోపం ఇన్నాళ్ళూ చల్లారలేదు. తన పేరు పట్టుకొని ఇల్లిల్లూ తిరిగిన ఆ మనిషిమీద మాత్రం కోపం రాలేదు.

గుమాస్తా కొత్త ఫారం అందించింది. "గడువు ఈ సాయంత్రంతో సరి. ఈసారి కూడా తిరిగొస్తే ఫైలు మూసేస్తారు. కూర్చుని నిదానంగా రాయండి."

కలం ఆ గడిదాకా వచ్చి ఆగింది. "ఇక్కడిది రాస్తే అక్కడిది అబద్ధమైపోదూ?" అన్నారు మెల్లగా.

"రోజూ అట్టలు మార్చే మనిషి అడగాల్సిన మాటేనా అది?" అంది భార్య.

ఆయన నవ్వారు. సందు పేరు, ఇంటి నంబరు, చివరకు 'మెట్ల పక్క గది' అన్న ఆనవాలుతో సహా రాశారు. ఆ పాత కవరును అడిగి తీసుకున్నారు.

మరునాడు విచారణ కాగితాలకోసం ఒక అట్ట ఫైలు కుట్టారు. కవరుమీది చిరునామాను, పోస్టుమాన్ రాతను కత్తిరించి లోపలివైపు అతికించి, జిగురు ఆరేదాకా అరచేత్తో అదిమిపట్టి కూర్చున్నారు.