అమ్మ కోసం కట్టిన చక్రాల ఇల్లు

"ఒక్క బండ ముక్క గూడ పెట్ట" అని మా నాయన మా అమ్మకు మాటిచ్చాడు... తాండూరులో మా వాకిట్లో, చేతిలో సుద్దముక్క పట్టుకుని ఇచ్చిన మాట. నిలబెట్టుకోలేదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మొన్న మా పెద్దనాయన కొడుకు ఇక్కడే, ఈ గ్రూపులోనే ఒక పాత ఫోటో పెట్టాడు. "మా నాన్న చేయించిన చక్రాల ఇల్లు. బాబాయికి కట్టడం సరిగా రాక దారిలోనే విరిగింది" అని రాశాడు. కింద అందరూ దండాలు, పూలు... ఆ ఇల్లు ఎవరి కోసమో ఒక్కరూ అడగలేదు. నేను చెప్తాను.

మా చిన్నప్పుడు నాపరాయి కోసే చప్పుడుతోనే తెల్లారేది. నేల బండ, గోడ బండ, కప్పు బండ, చేను చుట్టూ కంచె కూడా బండే. అమ్మ పెద్దనాయన కార్ఖానాలో పాలిష్ మిషన్ల దగ్గర పనిచేసేది. కొంగు మూతికి కట్టుకున్నా ఆ పొడి రొమ్ములోకి దిగింది. పడుకుంటే ఊపిరి ఆడేది కాదు... గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేది.

ఒకసారి అనంతగిరి కొండ మీద జాతరకు పోయి గుడి దగ్గర సత్రంలో ఉన్నాం. అక్కడ అమ్మ వెల్లకిలా పడుకుని హాయిగా నిద్రపోయింది. అది చూసి నాయన ఏడ్చాడు. కొండ మీద అద్దెకు గది కోసం ఎంతో తిరిగాడు. ఆమె దగ్గు విన్నవాళ్లెవరూ ఇవ్వలేదు... క్షయ అనుకున్నారు.

అందుకే చక్రాల ఇల్లు. నాయన లారీలకు బాడీలు కట్టేవాడు. ఏదో పాత ఇంగ్లీషు పత్రికలో ఒక బొమ్మ చూశాడు. ముందు గుండ్రంగా, వెనక్కి పోను పోను సన్నబడుతూ, నీటిచుక్కను అడ్డంగా పడుకోబెట్టినట్టుంది. వాకిట్లోనే దాన్ని అసలు కొలతలతో సుద్దతో గీశాడు. లోపల పరుపు పట్టేంత చోటు. వెనక తలుపు పైకి లేపితే స్టవ్వు పెట్టుకునే అర. అమ్మ ఆ గీతల మధ్య పడుకుని కాళ్లు చాపి చూసుకుంది.

"గిదేంది, మామిడికాయ లెక్కున్నది" అంది నవ్వుతూ.

"నువ్వు అండ్ల టెంక లెక్క పండుకుంటవ్" అన్నాడు నాయన.

ఆ నవ్వులోంచే దగ్గు వచ్చింది. అది ఆగాక అమ్మ ఒక్కటే కోరింది. "బండ మాత్రం ఒద్దు. కింద చెక్కనే ఉండాలె. గా పొడి వాసన నాకిగ ఒద్దు." అప్పుడే ఇచ్చాడు మాట.

పక్కటెముకల్లా వంచిన టేకు పట్టీలు, వాటి మీద ప్లైవుడ్డు, దాని మీద రేకు, కింద పాత జీపు ఇరుసు... వానలు పడకముందే కొండెక్కించాలని నాయన తిండి కూడా మరిచి కట్టాడు.

దాన్ని లాగాల్సిన జీపు పెద్దనాయనది. ఆయన వచ్చి లోపలి చెక్కను కాలితో తట్టి చూశాడు.

"అరేయ్, కింద బండ లేదేందిరా? చెక్కల మీద కోళ్లు పండుకుంటయి."

"బరువైతది అన్నా..."

"బరువుంటెనే గాలికి ఊగది. బండ లేకుంట పాలు యాడ పొంగిస్తవ్? బండల కార్ఖానా ఉన్నోని తమ్ముడు చెక్క మీద పండుకున్నడని నలుగురు నవ్వరా?"

నాయన ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమంటే ఒప్పుకోవడమని నాకప్పుడు తెలియదు.

బయల్దేరిన రోజు అమ్మ కొత్త చీర కట్టింది. నేనూ అమ్మా జీపులో వెనక, మా వెంట వస్తున్న చక్రాల ఇంటి వైపే చూస్తూ కూర్చున్నాం. వికారాబాద్ దాటి ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే ఒక మలుపులో ఆ ఇంటి ముక్కు పైకి లేచింది. వెనక తలుపు ఊడి తెరుచుకుంది. పరుపు కింది నుంచి బండలు... ఒకదాని వెంట ఒకటి రోడ్డు మీదికి జారాయి. జీపుకు తగిలించిన కొక్కెం విరిగింది. ఇల్లు వెనక్కి దొర్లి చెట్టుకు గుద్దుకుని ఆగింది.

అమ్మ దిగి వెళ్లి ఒక బండను చేత్తో తడిమింది.

"అన్న ఇనలే..." అని నాయన గొణిగాడు.

"కొక్కెం నాసిది" అన్నాడు పెద్దనాయన.

"ఇంటికి పోదాం పాండ్రి" అంది అమ్మ.

తర్వాత జీవితమంతా పుస్తకాలు చదివాను. ఇరుసుల గురించీ, బరువుల గురించీ దొరికిందల్లా చదివాను. నాయన కొలతల్లో తప్పు లేదు. అతికించకుండా పరిచిన బండలు ఘాట్ ఎక్కేటప్పుడు వెనక్కి జారాయి, ముక్కు లేచింది, కొక్కెం మీద భారం పడింది. ఫోటో పెట్టిన తమ్ముడు ఇది చదువుకోవాలి.

కానీ అసలు సంగతి ఇది. విరిగింది కొక్కెం, సొట్టపోయింది ఒక పక్క రేకు... అంతే. నాయన చేతికి అదొక పనే కాదు. అమ్మ మంచంలో ఆయాసపడుతూ తానే అడిగింది. "బండలు తీసేసి మళ్ల కట్టు. నన్ను కొండకు తీస్కపో."

"అన్న మళ్ల జీపు ఇయ్యడేమో... అడిగితే ఏమనుకుంటడో" అన్నాడు నాయన.

అడగనే లేదు. ఇల్లు షెడ్డులో తుప్పు పట్టింది. అమ్మ ఆ చలికాలం దాటలేదు. చివరిదాకా కూర్చునే నిద్రపోయింది.

ఇప్పుడు ఆదివారం అనంతగిరి ఎక్కితే దారి పొడుగునా చక్రాల ఇళ్లే... కొనుక్కొచ్చినవి, అద్దెకు తెచ్చుకున్నవి. వాటి తలుపులు తీసిపెట్టి పిల్లలు ఆ గాలిలో ఒళ్లు మరిచి నిద్రపోతుంటారు. ఆ గాలి విలువ వాళ్లెవరికీ తెలియదు, తెలియాల్సిన అవసరమూ రాకూడదు.

మీ ఇంట్లో కూడా ఎవరికో భయపడి మీ అమ్మకిచ్చిన మాట తప్పినవాళ్లుంటే కింద రాయండి. పేరు దాచకండి. నేను పెద్దనాయన పేరే రాస్తానని మా వాళ్లంతా అనుకుంటున్నారు. ఆయన మూర్ఖుడు, ఆయనకు తోచింది ఆయన చెప్పాడు. అమ్మకు మాటిచ్చింది ఆయన కాదు.

ఇచ్చింది మా నాయన... నర్సింలు.