మెత్త పీతల ఆనందరావు బావగారు

మొన్న ఉదయం మా అక్క ఫోన్ చేసి "మీ బావ ఇక లేర్రా" అన్నప్పుడు ఆ దుర్వార్త నమ్మబుద్ధి కాలేదు. తొలకరి పడి, మెత్త పీతలు ఇంకా దిగకముందే నిర్యాణం చెందడం ఆనందరావు గారి స్వభావానికే విరుద్ధం. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆయన పాఠాలు చెప్పిన కోచింగ్ సెంటర్ వాళ్ళు మధ్యాహ్నానికల్లా ఇంటి గేటుకు ఫ్లెక్సీ కట్టేశారు. ఆయన అజాతశత్రువట, మృదుభాషియట! ఛీ, ఆ రాసినవాణ్ణి ఆయన పక్కన కూర్చోబెట్టి ఒక్క పూట భోజనం పెట్టించాల్సింది.

బావగారు నోరు విప్పితే ఎదుటివాడికి చురక తప్పదు. ఫిజిక్స్ చెప్పినా, పప్పన్నం కలిపినా తిరస్కారమే ఆయన సహజాలంకారం. ఈ భూమ్మీద ఆయన నిష్కల్మషంగా గౌరవించింది ఒక్కటే: పాత పెంకు వదిలేసి, కొత్తది గట్టిపడేలోపు దొరికే పీత. సముద్రం ఒడ్డునున్న వాళ్ళ ఊరి నుంచి బంధువులు వాటిని తడి గోనెపట్టాలో చుట్టి బస్సుకు వేసేవారు. పొద్దున్నే బావగారు ఎల్బీ నగర్‌లో నిలబడి, కన్నబిడ్డను దించుకున్నట్టు ఆ మూటను దించుకునేవారు. అక్క బియ్యప్పిండి, మిరియాల పొడి పట్టించి వేయిస్తుంటే పొయ్యి పక్కనే కంచంతో కాచుకునేవారు. కాళ్ళతో సహా కరకరా నమిలి, కళ్ళు మూసుకుని, "పెంకులు పగలగొట్టుకుని తినేది భోజనం కాదురా, కూలిపని" అనేవారు. చల్లారిన పీతను పిల్లికైనా పెట్టనిచ్చేవారు కారు.

కింది వాటాలో ఇంటి యజమాని యాదగిరి ఉండేవాడు. నాదర్‌గుల్ మనిషి, వరిమళ్ళలో ఎండ్రికాయలు, అంటే మన పీతలే, పట్టి పెరిగినవాడు. ప్రత్యేక తెలంగాణ ఉద్యమం రోజుల్లో యాదగిరీ, అతని తోటివాళ్ళూ కాలనీ మలుపులో డేరా వేసి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా వంతులవారీగా నిరాహార దీక్షకు కూర్చునేవాళ్ళు. "దీక్షా, నా బొందా! డేరా వెనక బిర్యానీ పొట్లాలు విప్పుకుంటారు" అని బావగారు మెట్ల మీద నిలబడి అందరూ వినేట్టు అన్నారు.

యాదగిరి ముఖం మాడిపోయింది. "నన్ను తిట్టుండ్రి సారూ, పడ్త. దీక్షను తిడితె ఊకోను. నెల తిరిగేసరికి ఇల్లు ఖాళీ చెయ్యుండ్రి. మీ ఎండ్రికాయలకు పెంకు లేదు, మీకు సిగ్గు లేదు."

పిల్లల చదువులు మధ్యలో ఉన్నాయి, ఈ గొడవల్లో మనకు కొత్త ఇల్లు ఎవరిస్తారని అక్క ఏడ్చింది. క్షమాపణ అడగమని కాళ్ళావేళ్ళా పడింది. అడిగారా మహానుభావుడు? ఆదివారం మధ్యాహ్నం పొగలు కక్కుతున్న పీతల పళ్ళెం పట్టుకుని, నన్ను వెంటేసుకుని డేరాకు బయల్దేరారు. ఆ రోజు దీక్ష వంతు యాదగిరిది; అతని బండారం బయటపెడతారట!

"తినవయ్యా, ఎవరూ చూడరు" అన్నారు పళ్ళెం అతని ముక్కు కింద పెట్టి.

యాదగిరి గుటక మింగాడు. చెయ్యి మాత్రం చాపలేదు. "ఐదు గంటలకు నిమ్మరసం ఇస్తరు సారూ. గప్పుడు తింట. ఆడ పెట్టుండ్రి."

"ఐదింటికి అది పీత కాదయ్యా, చెప్పు అట్ట!"

"అట్టైనా తింట. జర కూసోండ్రి."

బావగారు పళ్ళెం పక్కన పెట్టారు. తర్వాత చేసిన పని కళ్ళారా చూడకపోతే నేను నమ్మేవాణ్ణి కాను. కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఇంటికి పోదామంటే "నోర్మూసుకో" అన్నారు. దీక్షకు మద్దతిచ్చిన ఆంధ్రా సారని ఎవడో మెడలో కండువా వేస్తే వాణ్ణీ తిట్టారు. కండువా మాత్రం తియ్యలేదు. అంతసేపూ తానూ ఒక్క ముక్క నోట పెట్టలేదు. ఐదింటికి ఇద్దరూ ఒకే పళ్ళెంలో చేతులు పెట్టారు.

"మస్తున్నయ్ సారూ."

"అబద్ధాలాడకు. వెధవ రుచి" అంటూనే బావగారు చివరి కాలు దాకా నమిలారు. ఇల్లు ఖాళీ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. క్షమాపణా ఎవరూ చెప్పలేదు.

మొన్న ఆయన పార్థివదేహాన్ని వాకిట్లో పడుకోబెట్టాక, పెద్దమనుషులు వరసగా దండలు వేసి గడియారాలు చూసుకుంటూ వెళ్ళిపోయారు. యాదగిరి దండ తేలేదు. కాళ్ళ దగ్గర కూలబడి, "లేవుండ్రి సారూ, లేసి ఒక్క మాట తిట్టుండ్రి" అని భోరుమన్నాడు.

బావగారు లేవలేదు. అంతటి మర్యాద లేని మనిషి మాకిక దొరకడు.