మా మరిది ఆటలో జైలుకెళ్ళిన సంగతి

పోయిన నెల మాల్‌లో అమెరికా సైన్యం వాళ్ళు ఒక బల్ల వేసి, రెండు పెద్ద తెరలు పెట్టి, వచ్చే పోయే కుర్రాళ్ళ చేత తుపాకుల ఆట ఆడిస్తూ, సైన్యంలో చేరమని కరపత్రాలు పంచుతున్నారు. కాసేపు చూద్దామని నేను ఆగబోయేలోపే మా ఆయన నా చెయ్యి పట్టుకుని పక్కకు నడిపించేశారు. సిటిజన్‌షిప్ వచ్చి ఎన్నో ఏళ్ళయినా, మోకాళ్ళ నొప్పితో నాలుగడుగులు ఎక్కువ వేయాలంటేనే ఆలోచించే మనిషి, ఆ బల్లను తప్పించుకోవడానికి ఫుడ్ కోర్టంతా చుట్టి వెళ్ళారు. అలాంటి ఆట ఒకటి మా ఇంట్లో చేసిన పని, లేదా చేసిందని మేమనుకున్న పని, ఆయన ఇంకా మరిచిపోలేదు.

నా తరం వాళ్ళకు ఇరవై ఏళ్ళ కిందటి ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. మేమప్పుడుండే ప్లెయిన్స్‌బరోలో ఏ అపార్ట్‌మెంట్ చూసినా ఒకటే రంగు కార్పెట్, గుమ్మం దగ్గర చెప్పుల గుట్ట, సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు ఎంత జోరుగా వచ్చాయో అంతే జోరుగా పోతున్న కాలం. హైదరాబాదులో ఒక దినపత్రిక డెస్కులో పనిచేసి వచ్చిన నాకు డిపెండెంట్ వీసా మీద ఇక్కడ ఉద్యోగం చేసే వీల్లేదు. మాతోనే ఉండే మా మరిదికి వీసా ఉంది గానీ ప్రాజెక్టు లేదు. మా భాషలో చెప్పాలంటే బెంచి మీద ఉన్నాడు. ఉదయమంతా రెజ్యుమేలు పంపి, మధ్యాహ్నం అన్నం తిన్నాక అతను డైనింగ్ టేబుల్ పక్కనున్న కంప్యూటర్ ముందు కూర్చునేవాడు. నేను పక్కన కుర్చీ వేసుకుని చిక్కుడుకాయలో గోరుచిక్కుళ్ళో వలుచుకునేదాన్ని.

అమెరికా సైన్యమే తయారు చేయించి, కుర్రకారు తమలో చేరాలన్న ఆశతో ఇంటర్నెట్‌లో ఊరికే ఇచ్చిన ఆట అది. ఊరికే వచ్చేది కాబట్టే మా ఇంటికొచ్చింది. ఎక్కడెక్కడి వాళ్ళో చేరి రెండు జట్లుగా ఆడేవారు. ఏ జట్టులో ఉన్నా ఎవరి తెర మీద వాళ్ళే అమెరికా సైనికులు, అవతలి జట్టు శత్రువులు. మా మరిదికి అది భలే నచ్చింది. "ఈ దేశంలో నన్ను తమవాడన్నది ఇదొక్కటే వదినా" అనేవాడు. నేరుగా యుద్ధానికి పంపేవారు కాదు. ప్రథమ చికిత్స చేసే సైనికుడు కావాలంటే తరగతిలో కూర్చుని పాఠం విని పరీక్ష రాయాలి. అంత ఓపిక అతనికెక్కడిది, ఆ పరీక్ష నేనే పాసయ్యాను. ఈ దేశంలో అడుగుపెట్టాక నేను నేర్చుకున్న మొదటి విద్య అదేనేమో, రక్తం కారే చోట ఎలా కట్టు కట్టాలో.

ఒకనాడు అతను విసిరిన గ్రెనేడ్ గోడకు తగిలి వెనక్కి దొర్లి సొంత జట్టువాళ్ళ మధ్య పేలింది. ఆ ఆటలో సొంతవాళ్ళను చంపితే శిక్ష ఉండేది. తెర మారిపోయి, కటకటాల గది, దూరంగా ఎవరో మౌత్ ఆర్గాన్ వాయిస్తున్న చప్పుడు. మేమిద్దరం పడీ పడీ నవ్వుతుండగా మా ఆయన ఆఫీసు నుంచి వచ్చారు.

"ఒరేయ్, ఇది వాళ్ళ గవర్నమెంట్ సర్వరేనా?"

"అంతే అనుకుంటా అన్నయ్యా."

"నీ పేరిచ్చావా?"

"లేదు, ఈమెయిలే ఇచ్చా."

"ఈమెయిల్ ఇచ్చాక ఇంక పేరెందుకురా వాళ్ళకి. వీసా స్టాంపింగ్ ఫామ్‌లో ఎప్పుడైనా అరెస్టయ్యావా అని అడుగుతాడు, అప్పుడేం టిక్ చేస్తావ్?"

ఇప్పటివాళ్ళు నవ్వుతారు. వీసా మీద బతికినవాళ్ళు నవ్వరు. కారుకు స్పీడింగ్ టికెట్ పడితే లాయర్‌కు ఫోన్ చేసే ఇళ్ళు మావి. సైన్యం వారి కంప్యూటర్‌లో జైలుకెళ్ళడం ఏ లెక్కలోకి వస్తుందో ఎవరికి తెలుసు? కింది ఫ్లాట్‌లో ఉండే పెద్దాయన, మా అందరికీ వీసా సలహాలిచ్చే మనిషి, నవ్వకుండా అంతా విని, "అడగకపోతే ఎత్తకు బాబూ, అడిగితే దాచకు" అన్నారు. ఆ మాటతో మాకున్న కాస్త నవ్వు కూడా పోయింది.

ఆ తరవాత కొద్ది రోజులకే మా మరిదికి ఉద్యోగం దొరికింది. కొత్త కంపెనీ కాగితాలు వచ్చాయి గానీ, ఇండియా వెళ్ళి పాస్‌పోర్టులో స్టాంప్ వేయించుకుని రావాలన్నారు లాయర్లు. బయలుదేరే ముందు వారమంతా అద్దం ముందు నిలబడి, అది ఆట మాత్రమేనని, గ్రెనేడ్ కావాలని విసరలేదని ఇంగ్లీషులో అప్పజెప్పుకునేవాడు. తిరిగొచ్చే మనిషే కదా అని చలికోట్లన్నీ మా అల్మారాలోనే వదిలి వెళ్ళాడు.

కాన్సులేట్‌లో గ్రెనేడ్ ఊసు రాలేదు. అసలేమీ అడగలేదు. చేతిలో ఒక చీటీ పెట్టి, ఇంకా పరిశీలించాలి, కబురు చేస్తామన్నారు. కబురు రాలేదు. ఇక్కడ కంపెనీ కొన్నాళ్ళు ఆగి, ఇంకొకరిని పెట్టుకుంది. ఆ రోజుల్లో అలాంటి చీటీ అందుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళలో ఆ ఆట పేరైనా విననివాళ్ళే ఎక్కువ. అదే మాట మా ఆయనతో అంటే, "వాళ్ళ కారణాలు వాళ్ళకుంటాయి, మనది మనకు తెలుసుగా" అనేవారు. రెండు సంఘటనలు వెంటవెంటనే జరిగినంత మాత్రాన ఒకటి ఇంకోదానికి కారణమని రాయకూడదని నాకు డెస్కులో నేర్పారు. కానీ ఇంట్లో అది పనికిరాలేదు. కారణం ఎవరూ చెప్పనప్పుడు, దొరికిన దాన్నే పట్టుకుంటాం. కొన్నాళ్ళకు నాకూ వాదించే ఓపిక పోయింది. చలికోట్లు ఎవరికో ఇచ్చేశాం.

మరిది హైదరాబాదులోనే ఉద్యోగం చూసుకున్నాడు, పెళ్ళయింది, బాగానే ఉన్నాడు. ఇప్పుడైతే వీసాకు వెళ్ళే పిల్లలు ఏ సైట్‌లో ఏ పేరుతో ఉన్నారో ఫామ్‌లో తామే రాసిస్తున్నారు. మా చుట్టాలమ్మాయి నిరుడు తన ఫోటోలన్నీ తీసేసి మరీ వెళ్ళింది. మేము గుసగుసగా భయపడినదాన్ని వీళ్ళు ఇంత మామూలుగా ఎలా నింపుతున్నారా అని చూస్తుంటాను. వాళ్ళకు భయం లేక కాదు, అలవాటైపోయింది.

పోయిన వేసవిలో మా అమ్మాయి గ్రాడ్యుయేషన్‌కు మా మరిది విజిటర్ వీసా మీద వచ్చాడు. ఈసారి ఇంటర్వ్యూ రెండు ముక్కల్లో అయిపోయిందట. "ఏమీ అడగలేదు వదినా. ఇన్నేళ్ళూ నోట్లో పెట్టుకుని తిరిగానా, ఆ గ్రెనేడ్ జవాబు, ఒక్కసారైనా అడిగుంటే బాగుండేది" అన్నాడు. పక్కనే ఉన్న మా ఆయన వినపడనట్టు టీవీ చూస్తూ కూర్చున్నారు. ఒకప్పుడు ఈ దేశానికి తిరిగి రావడమే బతుకన్నట్టు ఎదురుచూసిన మనిషి, మూడో వారానికల్లా మా వంటింట్లో కాఫీ తాగుతూ, ఇప్పుడు హైదరాబాదులో టైమెంతయి ఉంటుందని అడగడం మొదలుపెట్టాడు.