ఆకు నమిలిన దొరసాని

నవ్వీ నవ్వనట్టుండే ఆ విదేశీ దొరసాని బొమ్మ ఏ పుస్తకంలో కనబడ్డా నేనిప్పటికీ ముందు ఆమె దవడే చూస్తాను. అరవైలలో కల్వకుర్తి బస్సులో నా పక్కన కూర్చున్న పెయింటర్ చేసిన పని అది.

ఏనుగుకు కప్పేంత గుడ్డ మీద ఆయన ఆ దొరసానిని దించాడు. జరీ చీర కట్టి, సినిమా తార కొప్పు పెట్టి, చేతికి చాయ్ సాసరు ఇచ్చాడు. కల్వకుర్తిలో ఒక చాయ్ హోటల్ గోడకట. గుడ్డ విప్పగానే బస్సులో ఉన్న సగం జిల్లా లేచి నిలబడింది.

"నవ్వుతలేదు గదనే," అన్నాడు కండక్టర్.

"గదే నా ఫికర్. నవ్వకపోతే వాపస్ తీస్కపొమ్మన్నడు హోటల్ సేటు. నోట్ల పండ్లు పెడితేనేమో దయ్యం లెక్క అయితాంది."

ముందు సీట్లో ఒక ముసలామె నోటినిండా తమలపాకు నములుతోంది. "ఎట్ల నవ్వాల్నో నువ్వన్న చెప్పవ్వా," అన్నాడు పెయింటర్. ఆమె నోరు తెరవలేక, పెదవులు బిగించి, ఒక దవడ ఉబ్బించి నవ్వింది. అచ్చం దొరసాని నవ్వే.

పెయింటర్ కుంచె తీశాడు. భూకంపంలా ఊగే ఆ బస్సులోనే దొరసాని దవడ ఉబ్బింది, పెదవులు ఎర్రబడ్డాయి. నోట్లో ఆకు పెట్టుకుని పళ్లు బయటపెట్టి నవ్వేదెవరు?

కల్వకుర్తి బస్టాండులో ఎదురుచూస్తున్న సేటు బొమ్మను ఒక యుగంపాటు చూశాడు. బస్సు కూడా ఇంజను ఆపుకుంది.

"మంచిగనే నవ్వుతాంది," అన్నాడు సేటు చివరికి. "గని జర చెప్పు, నా గోడ మీద ఉమ్మొద్దని."